ఎనభై మూడు దగ్గర ఆగిన ముల్లు

బైండింగ్ గదిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ బొద్దక్కే. ఆ పేరు పెట్టింది ఆమె తమ్ముడు. తల్లి పోయేనాటికి ఆమెకు పన్నెండేళ్ళు, వాడికి మూడు. అప్పటినుంచీ వాణ్ణి చంకనేసుకుని తిరిగింది ఈమే. వీధిలో నిలబడి "అక్కా" అని కేకేస్తే పక్కిళ్ళ అక్కలంతా పలుకుతున్నారని, తన అక్క మాత్రమే పలికేలా ముందు ఆ ముక్క తగిలించాడు. పెద్దయ్యాక ఒకరోజు ఆమె మరిచిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి ప్రెస్సుకు వచ్చి, గుమ్మంలోంచి "బొద్దక్కా" అని పిలిచాడు. మిషన్ల చప్పుడులో కూడా ఆ మాట అందరికీ వినపడింది. మర్నాటికి ప్రెస్సంతా అదే పిలుపు.

ఆమె పని పుస్తకాలు కుట్టడం. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాలను మడిచి ఫారాలు చేస్తుంది, వరస తప్పకుండా పేరుస్తుంది, వీపు దగ్గర సూదీ దారంతో కుట్టి జిగురు పూస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా అదే బల్ల, అదే కుర్చీ. కళ్ళు మూసుకుని వేలితో తడిమి, ఫారంలో ఒక కాగితం తగ్గిందో ఎక్కిందో చెప్పేది.

ముప్పై రెండో ఏట, రెండో గర్భం కూడా నిలవకపోయాక, గొంతులో ఉండే చిన్న గ్రంథి ఒకటి సరిగా పనిచెయ్యడం లేదని డాక్టర్లు తేల్చారు. థైరాయిడ్. దానివల్లే ఒళ్ళు, దానివల్లే నీరసం, చలి, మతిమరుపు.

"ఒళ్ళంతా చాకిరీ చేస్తుంటే ఇదొక్కటి కూర్చుని తింటోందన్నమాట" అని ఆమె నవ్వింది. ఇంటికి వెళ్ళాక నవ్వలేదు. రోజూ పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర, బతికినన్నాళ్ళూ వేసుకోవాలన్నారు. వేసుకుంది. పిల్లలు మాత్రం కలగలేదు. గాలి పీల్చినా బరువు పెరిగే ఒంటితో నలభై ఆరేళ్ళకు వచ్చింది.

ఆమె భర్త కారు నడపడం నేర్పే మాస్టారు. రోజంతా పక్కసీటులో కూర్చుని, కంగారుపడే జనానికి "ఏం పర్లేదు, నెమ్మదిగా" అని చెప్పీ చెప్పీ ఇంట్లో కూడా అదే ధోరణి. ఆయన గొంతు పెరగడం ఆమె ఎప్పుడూ వినలేదు.

తమ్ముడు ఫ్రిజ్ మెకానిక్. గ్యాస్ సిలిండరు స్కూటరు వెనక కట్టుకుని ఊరంతా తిరిగేవాడు. పెళ్ళయి ఐదేళ్ళయింది. ముప్పై ఏడో ఏట ఒక పొద్దున మొహం ఉబ్బి లేచాడు. నిద్ర ఎక్కువైందనుకున్నారు. పాదాలు కూడా ఉబ్బాక ఆసుపత్రికి వెళ్తే, ఎప్పటినుంచో ఉన్న రక్తపోటును పట్టించుకోకపోవడం వల్ల కిడ్నీలు రెండూ పాడయ్యాయని చెప్పారు. వారానికి మూడుసార్లు మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. లేదా ఎవరైనా ఒక కిడ్నీ ఇవ్వాలి.

మరదలు ముందుకొచ్చింది. ఆమె రక్తం గ్రూపు కలవలేదు. మాస్టారూ వెళ్ళి పరీక్ష చేయించుకున్నాడు. కలవలేదు. బొద్దక్కది మాత్రం అన్ని విధాలా కలిసింది. ఆ కాగితం చేతికొచ్చిన రోజు ఆమె ప్రెస్సులో అందరికీ చూపించింది, పరీక్ష పాసైన పిల్లలా.

కిడ్నీ డాక్టరు ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు. "మీ కిడ్నీ బాగుంది. మీ తమ్ముడికి సరిపోతుంది. థైరాయిడ్ మందులతో అదుపులో ఉంటే అదీ అడ్డం కాదు. కానీ మీ బరువు తొంభై నాలుగు. మీ ఎత్తుకు డెబ్బై ఐదు దాటితే నేను కత్తి పట్టుకోను."

"నాకేమైనా ఫర్వాలేదండీ."

"మీకు ఫర్వాలేకపోవచ్చు. నాకుంది. ఒకరిని లేపడానికి ఇంకొకరిని మంచాన పడేస్తామా? మిగిలిన ఒక్క కిడ్నీతో మీరు ఇంకో నలభై ఏళ్ళు బతకాలమ్మా."

పంతొమ్మిది కిలోలు. బయటికి రాగానే ఆమె భర్తతో, "అంటే ఎంత?" అని అడిగింది. ఆయన, "కారు స్టెప్నీ టైరు అంత ఉంటుందేమో" అన్నాడు. "అయితే దింపుదాం" అంది.

కొత్త పుస్తకం పని మొదలుపెట్టినట్టే మొదలుపెట్టింది, ఒక్కో ఫారం చొప్పున. తెల్లారకముందే లేచి, ఆయన కార్లు నేర్పే మైదానం చుట్టూ నడిచేది. మొదట రెండు చుట్లకే ఆయాసం. నెల తిరిగేసరికి పన్నెండు. ఆసుపత్రిలో తిండి సంగతి చెప్పే అమ్మాయి రాసిచ్చిన కాగితం వంటింటి తలుపుకు అతికించింది. తీపి మానేసింది. పళ్ళెంలో అన్నం సగానికి తగ్గించి, ఆ జాగాలో కూర పెట్టుకుంది. ప్రెస్సులో టీ వచ్చినప్పుడల్లా జిగురు గిన్నె కడిగే నెపంతో లేచి వెళ్ళిపోయేది.

తొంభై ఒకటి. ఎనభై ఎనిమిది. ఎనభై అయిదు. ఐదో నెలాఖరుకు ఎనభై మూడు.

ఆసుపత్రి వరండాలో ముల్లు తిరిగే పాత తూకం యంత్రం ఉండేది. నర్సు ముల్లు చూసి చీటీ మీద రాసిస్తే, ఆమె దాన్ని తీసుకుని తిన్నగా తమ్ముడి మంచం దగ్గరకు వెళ్ళేది. చేతికి రెండు గొట్టాలతో పడుకుని ఉండేవాడు. చీటీ చూసి, "ఇలా తగ్గుతూ పోతే నీకు పేరు మార్చాలి. కొత్త పేరు ఆలోచించే ఓపిక నాకు లేదే" అనేవాడు. పక్కనే ఉన్న మరదలు ఆ చీటీని మడిచి తన పర్సులో దాచుకునేది.

ఆ తర్వాత ముల్లు ఆగిపోయింది.

మొదటి రెండు వారాలు ఎవరూ పట్టించుకోలేదు. నెలయింది. ఎనభై మూడే. నడక పెంచింది. ఎనభై మూడే. ముల్లు ఆగడానికి కొద్ది రోజుల ముందే, మోకాళ్ళు నొప్పెడుతుంటే వీధి చివరి క్లినిక్‌లో చూపించుకుంది. ఎముకల బలానికి ఒక మాత్ర, రక్తం తక్కువగా ఉందని ఇనుము మాత్ర ఒకటి ఇచ్చారు. అవి వేసుకుంటే మోకాళ్ళు కాస్త నయమయ్యాయి గానీ, బరువు మాత్రం కదల్లేదు. రాత్రి భోజనం మానేసింది. వారం తర్వాత వెళ్ళి చూసుకుంటే ఎనభై మూడున్నర.

"యంత్రం పాడైందేమో" అన్నాడు మాస్టారు.

"నా ముందు ఎక్కినావిడకు సరిగ్గానే చూపించింది" అంది ఆమె.

ఆమెకు ఏం జరుగుతోందో అర్థం కాలేదు. ఎండలో కూడా శాలువా కప్పుకుంటోంది. దువ్వెన నిండా జుట్టు వస్తోంది. గొంతు బొంగురుపోయింది. మధ్యాహ్నం మూడయ్యేసరికి చేతిలో సూది బరువనిపిస్తోంది. ఒకరోజు సూది వేల్లో దిగి, రక్తం పేజీ మీద పడి, ఒక ఫారమంతా పారేయాల్సి వచ్చింది. ఇరవై ఆరేళ్ళలో అలా ఎన్నడూ జరగలేదు. తిండి తగ్గించడం వల్ల వచ్చిన నీరసమేననుకుంది. నీరసం వస్తోందంటే బరువు తగ్గాలిగా మరి, అని తనను తానే అడిగేది.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం, తమ్ముడు మిషను మీద ఉన్నప్పుడు, వరండాలో ఆమెకు కళ్ళు తిరిగాయి. మాస్టారు పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టి, పరుగున వెళ్ళి పళ్ళరసం తెచ్చాడు. "వద్దండీ, ఇందులో అంతా పంచదారే" అంటున్నా వినకుండా తాగించాడు. ఖాళీ గ్లాసు ఇచ్చేసి రావడానికి ఆయన అటు వెళ్ళాడు. తల తిప్పి చూస్తే ఎదురుగా మరదలు నిలబడి ఉంది.

మరదలు వచ్చి పక్కన కూర్చుంది.

"వదినా, ఒక మాట అడుగుతాను. ఏమీ అనుకోకండి."

"అడుగు."

"మీకు భయంగా ఉంటే చెప్పెయ్యండి. నేనేమీ అనుకోను. కోత అంటే ఎవరికైనా భయమే. కానీ తగ్గుతాను, తగ్గుతాను అంటూ మమ్మల్ని ఇలా నెలల తరబడి గుమ్మంలో నిలబెట్టకండి. ఇవ్వలేనని మీరు చెప్పేస్తే, ఇంకో దారేదైనా ఉందేమో నేను వెతుక్కుంటాను."

బొద్దక్క పళ్ళరసం తడి ఇంకా ఉన్న పెదాలను కొంగుతో తుడుచుకుంది. "నేనేం తినడం లేదు అమ్మాయ్" అంది. ఆ మాట తన చెవికే అబద్ధంలా వినపడింది. పక్కనే బెంచీ మీద గ్లాసు ఆనిన చోట తడి వలయం ఇంకా ఆరలేదు.

ఆ రోజు ఇంటికి వెళ్ళాక ఆమె ఏడవలేదు, అన్నమూ తినలేదు. మరదలిని తిట్టుకోలేదు కూడా. "నేనే ఆ పిల్ల స్థానంలో ఉంటే ఆ మాట ఎప్పుడో అనేసేదాన్ని" అని మాత్రం భర్తతో అంది. కానీ తమ్ముడికీ అదే అనుమానం ఉందేమోనన్న ఆలోచన మాత్రం ముల్లులా దిగబడింది. చిన్నప్పుడు తన పళ్ళెంలోంచి వాడికి పెట్టి, తను తిన్నానని అబద్ధం చెప్పిన రోజులున్నాయి. ఇప్పుడు తిననని నిజం చెప్తే నమ్మేవాళ్ళు లేరు.

మాస్టారు ఎన్నడూ లేనిది పట్టుపట్టాడు. "థైరాయిడ్ డాక్టరు దగ్గరకు వెళ్ళి ఏడాది దాటింది. పాత చీటీ చూపించి అవే మాత్రలు కొనుక్కుంటున్నావు. రేపు ఇద్దరం వెళ్తున్నాం."

ఆ డాక్టరు చిన్న వయసు మనిషి, తొందరలేని మనిషి. కాగితాలన్నీ పక్కన పెట్టి, "పొద్దున లేచిన దగ్గర్నుంచీ చెప్పండమ్మా. ఏదీ వదలొద్దు" అంది.

బొద్దక్క చెప్పింది. లేవడం, మొహం కడుక్కోవడం, మాత్రలు వేసుకోవడం, నడక.

"మాత్రలా? ఎన్ని?"

"మూడండీ. ఒకటి మీది, ఒకటి ఎముకలది, ఒకటి రక్తానిది. మర్చిపోకుండా మూడూ అరచేతిలో పోసుకుని ఒకే గుక్కలో మింగేస్తాను."

డాక్టరు రాస్తున్న కలం ఆపేసింది. "ఎన్నాళ్ళనుంచి?"

బొద్దక్క లెక్కపెట్టుకుంది. మోకాళ్ళ నొప్పులు మొదలైనప్పటినుంచి. దాదాపు మూడున్నర నెలలు.

డాక్టరు ఆమెను తప్పుపట్టలేదు. నెమ్మదిగా విడమర్చి చెప్పింది. ఆ రెండు మాత్రలూ కడుపులోనే థైరాయిడ్ మందును పట్టేసుకుంటాయి, ఒంటికి ఎక్కనివ్వవు. ఇన్నాళ్ళూ మందు వేసుకుంటున్నట్టే ఉంది గానీ, చాలా భాగం వేసుకోనట్టే. దానికి తోడు తిండి మానేసింది. "ఇటు మందు అందక, అటు తిండి అందక, ఒళ్ళు ఉన్నదాన్ని గట్టిగా పట్టుకుని కూర్చుంది. మీరు ఎవరినీ మోసం చెయ్యలేదమ్మా."

మోసం అన్న మాట ఈమెకు ఎలా తెలిసిందా అని బొద్దక్క తలెత్తి చూసింది. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

రక్తపరీక్షలో, మందు అందకపోతే పెరిగే అంకె ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు వచ్చింది. ఇకనుంచి థైరాయిడ్ మాత్ర ఒక్కటే పరగడుపున మంచినీళ్ళతో. గంట తర్వాత తిండి. ఎముకల మాత్ర మధ్యాహ్నం, రక్తం మాత్ర సాయంత్రం. రాత్రి భోజనం మానకూడదు. గుడ్డో, పప్పుదినుసో ప్రతి పూటా ఉండాలి. "ప్రెస్సులో పుస్తకాల కట్టలు ఎవరు ఎత్తుతారు?" అని డాక్టరు అడిగింది. మగవాళ్ళు అని చెప్పింది. "చిన్నవి మీరూ ఎత్తండి. నడుం కాదు, మోకాళ్ళు వంచి. కండ ఉంటేనే కొవ్వు కరుగుతుంది."

తినమని చెప్తే ఆమెకు భయమేసింది. మొదటి రోజు రాత్రి అన్నమూ గుడ్డూ ముందు పెట్టుకుని, దొంగతనం చేస్తున్నట్టు తలుపు మూసుకుని తింది.

ఆ మూడు మాత్రల సంగతి మరదలికి చెప్పలేదు. తమ్ముడికీ చెప్పలేదు. సిగ్గేసింది. నెలలు పోయింది తన అరచేతిలోనే కదా.

ఆరు వారాలు ముల్లు అలాగే ఉంది. ముందు చలి పోయింది. గొంతు విచ్చుకుంది. సూది మళ్ళీ తేలికైంది. ఏడో వారం చీటీ మీద ఎనభై రెండు అని పడింది. నర్సు మామూలుగానే రాసిచ్చింది గానీ, బొద్దక్క ఆ చీటీని పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడిపోయింది. అక్కణ్ణుంచి నెలకు కిలోన్నర. తొందరపడలేదు, ఆగలేదు. ఎనభై. డెబ్బై ఎనిమిదిన్నర. పెద్ద కట్టలు కూడా ఎత్తసాగింది. ప్రెస్సులో మగవాళ్ళు, "అక్కా, మా పని పోగొట్టేలా ఉన్నావు" అని వేళాకోళమాడేవారు.

ఆమె ఇటు తగ్గుతుంటే, తమ్ముడు అటు తగ్గిపోతున్నాడు. స్కూటరు అమ్మేశాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక, మూడు దిండ్లు ఆనించుకుని కూర్చునే నిద్రపోయేవాడు. మెట్లు రెండు ఎక్కి మూడోదాని మీద కూర్చునేవాడు.

ముల్లు డెబ్బై నాలుగు పాయింటు ఎనిమిది చూపించిన రోజు, ఆమె చీటీతో మరదలిని వెంటబెట్టుకుని కిడ్నీ డాక్టరు గదికి వెళ్ళింది. ఆయన చీటీ చూశాడు. తర్వాత తమ్ముడి కొత్త గుండె పరీక్ష కాగితాలు తీసి చాలాసేపు చూశాడు.

"అమ్మా, మీరు చెయ్యాల్సింది చేశారు" అన్నాడు. "గుండె బాగా బలహీనపడిపోయింది. మత్తు ఇస్తే తట్టుకోలేడు. ఇప్పుడు చెయ్యలేం. మందులు వాడదాం. గుండె కాస్త కోలుకుంటే అప్పుడు మళ్ళీ చూద్దాం."

"నాలుగు నెలల ముందు వచ్చి ఉంటే చేసేవారా?"

ఆయన కాగితాలు మూసి పెట్టాడు. "చెప్పలేనమ్మా. అప్పటికే మొదలై ఉండొచ్చు."

ఉండొచ్చు. తర్వాత ఎన్నో రోజులు ఆమె ఆ ఒక్క మాటనే అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అందులో ఓదార్పు ఉందో, నింద ఉందో తేల్చుకోలేకపోయింది.

వరండాలోకి వచ్చాక, అదే బెంచీ మీద కూర్చుని, మరదలికి మాత్రల సంగతి మొత్తం చెప్పేసింది. ఏదీ వదల్లేదు.

"ఎవరూ చెప్పలేదా మీకు, అవి కలిపి వేసుకోకూడదని?"

"చెప్పే ఉంటారు అమ్మాయ్. నేను చెవినేసుకోలేదేమో. గుర్తు లేదు."

మరదలు మొహం తిప్పుకుంది. "ఆ రోజు నేను అన్న మాట..." అని మొదలుపెట్టి ఆపేసింది. మళ్ళీ అందుకోలేదు. కాసేపటికి లేచి, బొద్దక్క చేతిలోని సంచీ తను తీసుకుని ముందు నడిచింది.

తమ్ముడికి కూడా ఆ రోజే చెప్పింది. వాడు కళ్ళు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడేమోననుకుంది.

"ఇప్పుడు వేరువేరుగా వేసుకుంటున్నావా?" అని అడిగాడు.

"వేసుకుంటున్నానురా."

"అయితే సరే." చెయ్యి చాచి, "చీటీ ఇలా ఇవ్వు" అన్నాడు. చూసి, "డెబ్బై నాలుగు చిల్లర. నీ పెళ్ళిలో కూడా ఇంత సన్నంగా లేవు" అన్నాడు. తర్వాత ఆమె మొహం చూసి, "ఏడవకు. అది నీ దగ్గరే ఉండనీ. నా దగ్గరకొస్తే రెండు ఫ్రిజ్‌లు మోసి దాన్నీ పాడుచేసేవాణ్ణి" అన్నాడు.

గుండె కోలుకుంటే మళ్ళీ చూద్దామన్నాడు కదా డాక్టరు. ఆమె ఆ మాట పట్టుకుంది. తగ్గడం కన్నా, తగ్గినదాన్ని నిలబెట్టుకోవడం కష్టమని అప్పుడు తెలిసింది. ఏ క్షణాన పిలిచినా సిద్ధంగా ఉండాలి. పదమూడు నెలలు ఆమె డెబ్బై ఐదు దాటలేదు. జ్వరమొచ్చినా నడక మానలేదు. ప్రతి నెలా రెండో తారీకున మాస్టారు కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు. చీటీ తమ్ముడికి చూపించేది. "ఆ, ఉంది, ఉంది" అనేవాడు వాడు, ఇంట్లో దాచిన వస్తువు పదిలంగా ఉన్నట్టు.

పద్నాలుగో నెలలో ఒక పొద్దున, మిషను దగ్గరకు బయలుదేరుతూ, మంచం అంచున కూర్చుని చెప్పులు వేసుకుంటూ పక్కకు ఒరిగిపోయాడు. వంటింట్లోంచి మరదలు వచ్చేసరికి అయిపోయింది. ప్రెస్సుకు ఫోనొచ్చింది. బొద్దక్క కుడుతున్న పుస్తకం ముడి వేసి, దారం తెంపి, సూది బల్లకు గుచ్చి లేచింది. ఆ తర్వాత ఏం చేసిందో ఆమెకు గుర్తులేదు. అందరితో మాట్లాడిందట. ఎవరెవరికి కబురు పెట్టాలో తనే చెప్పిందట. ఏడవలేదట.

మళ్ళీ రెండో తారీకు వచ్చింది. అలవాటు కొద్దీ ఆమె తయారైంది, ఆయన కారు తీశాడు. ఇద్దరికీ ఆ ధ్యాసే లేదు. సగం దూరం వెళ్ళాక, మలుపు తిరుగుతుండగా ఆమె అంది. "మనం ఎక్కడికెళ్తున్నాం?"

ఆయన కారు పక్కకు తీసి ఆపాడు. ఏం పర్లేదు అనబోయి అనలేకపోయాడు. అప్పుడు ఏడ్చింది ఆమె. వెనక బళ్ళు హారన్లు కొట్టి, పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోయాయి.

ఏడుపు తగ్గాక ఆయన కారు తిప్పి మరదలి ఇంటికి పోనిచ్చాడు. తలుపు తీసిన మరదలు ఇద్దరి మొహాలూ చూసింది. తారీకు ఆమెకూ గుర్తున్నట్టుంది.

"భోజనాలయ్యాయా?" అంది.

కాలేదు. ముగ్గురూ కూర్చున్నారు. మరదలు వడ్డిస్తూ, అలవాటుగా సగం గరిటె దగ్గర చెయ్యి ఆపింది. బొద్దక్క పళ్ళెం ఇంకాస్త ముందుకు జరిపింది.

"వెయ్యి అమ్మాయ్" అంది.